సముద్రంలో రాళ్లు ఏరినవాణ్ణి

ఆలూరు దగ్గర మా చేనిలో పంట కంటే రాళ్లే ఎక్కువ. ప్రతి ఎండాకాలం ఇంటిల్లిపాదీ గంపలు పట్టుకుని రాళ్లు ఏరి గట్టున పోసేవాళ్లం. ఆ పనిలో నాకంటే బద్ధకస్తుడు మా వంశంలో లేడు. గంప సగం నిండకముందే నాకు నడుము నొప్పి వచ్చేది. నేను ఏరిన సాలులో మా నాయన మళ్లీ ఏరుకుంటూ వచ్చేవాడు. ఆ రాళ్ల బాధ తప్పించుకోవడానికే డిగ్రీ చదివానంటే అబద్ధం కాదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, కర్నూలులో స్టీలు సామాన్ల అంగడి పైన ఉన్న ఒక చిన్న ఆఫీసులో ఉద్యోగం దొరికింది. ఆరు నెలలు చూసి, పని నచ్చితేనే ఖాయం చేస్తామన్నారు. నేను మాత్రం మొదటి వారమే ఊరికి పోయి, ఇక చేనికి రానని చెప్పేసి వచ్చాను.

పని సముద్రానిది. ఎక్కడో దూరదేశపు దీవి చుట్టూ విమానం తిరుగుతూ నీళ్ల మీదికి లేజరు వెలుగు వదులుతుంది. కొంత వెలుగు నీటి పైభాగం నుంచి, మిగతాది అడుగు నుంచి తిరిగొస్తుంది. రెంటి మధ్య ఎడాన్ని బట్టి లోతు తెలిసి, కంప్యూటరులో ఒక చుక్క పడుతుంది. అట్లా వచ్చిన లక్షల చుక్కల్లో, అలల వల్లా పక్షుల వల్లా పడిన తప్పుడు చుక్కలు తీసేసి, పగడపు దిబ్బల పటం తయారు చేయాలి. అనుమానం వస్తే, అదే చోట విమానం నుంచి తీసిన ఫోటో తెరిచి చూడాలి.

నేనప్పటికి సముద్రాన్ని చూసి ఎరగను. నాకు తెలిసిన పెద్ద నీళ్లు మంత్రాలయం దగ్గర తుంగభద్ర, అదీ మోకాళ్ల లోతు. పగడమంటే మా అమ్మ తాళిబొట్టు పక్కన ఉండే ఎర్రపూస.

ఫోటో తెరిస్తే కంప్యూటరు పది నిమిషాలు మొరాయించేది. అందుకని తెరవడం మానేశాను. చదునైన అడుగు మీద ఎక్కడ బొడిపె కనిపించినా, చేనిలో రాయి కనిపించినట్టే ఉండేది. తీసి పారేసేవాణ్ణి. చేతిలో మౌసు ఉంటే నడుము నొప్పి కూడా రాలేదు. ఐదో నెల చివరికి ఆ సముద్రపు అడుగును గుంటక తోలిన చేనులా చదును చేసి, మెచ్చుకుంటారని తల దువ్వుకుని మరీ మా పై అధికారి దగ్గరికి పోయాను.

ఆమెది మైదుకూరు, అంగళ్లు నడిపే కుటుంబం. సరుకు చూడకుండా మాట నమ్మే రకం కాదు. నా పటం పక్కనే ఫోటో తెరిచి, అది కనిపించేదాకా కుర్చీలో కదలకుండా కూర్చున్నారు. నేను చదును చేసిన చోటల్లా, తెల్లటి ఇసుక మీద గోధుమరంగు మచ్చలు.

"ఈడ ఇన్ని ఉండాయి కదప్పా, నీ పటంలో యాడికి పోయినాయి?"

"రాళ్లనుకొని తీసేసినా మేడమ్."

"అవే పగడాలు. వాటికోసమే విమానం తిరిగింది." ఫోటోలో మచ్చల మీద వేలు పెట్టి, "నీ పటం నమ్మి పడవ తోలేవాడు ఏమైపోవాల?" అన్నారు.

నిజం చెప్పాలంటే, పడవవాడి కంటే ముందు నా ఉద్యోగమే గుర్తొచ్చింది. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. మొదటి చుక్కల నకలు ఆమె దాచి ఉంచారు కాబట్టి బతికిపోయాను. నెల గడువిచ్చారు. ఒక్కో ఫోటో తెరిచి, పది నిమిషాలు కాచుకుని, ఏరిన రాళ్లను తిరిగి చేనిలో వేసినట్టు ఒక్కొక్కటే పెట్టుకుంటూ పోయాను. ఉద్యోగం ఖాయమైంది.

ఆ ఆదివారం ఊరికి పోయి, జరిగిందంతా నాయనకు చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. ఆయన రాయి తగిలి విరిగిన గుంటకను బాగు చేసుకుంటున్నాడు. చేతిలో పని ఆపలేదు.

"ఒగటి గూడా మిగల్చకుండా ఏరినావా?"

"ఒగటి గూడా మిగల్లేదు నాయనా."

"మన చేన్లో ఒక్క ఎండాకాలమన్నా ఆ మాదిరి ఏరింటే, ఇది ఇన్నితూర్లు ఇరిగేది కాదు గదరా."

గంప తీసుకుని చేనికి పోయాను. సగం నిండకముందే నడుము నొప్పి వచ్చింది. నడుము పట్టుకునే ఏరుకుంటూ పోయాను.