గళ్ళ ఫిల్మ్ మీద చెయ్యి

ఆ రోజు కంపెనీ నుంచి చున్నీ కింద దాచి ఏం తెచ్చానో, ఒక్కరికి తప్ప ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా ఆ పేజీ ఖాళీగానే ఉంది.

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. దెయ్యాల కథలు చదివి, లైటు ఆర్పేసి హాయిగా నిద్రపోతాను.

మాది నర్సీపట్నం. వాషింగ్ మిషన్ల పై పలకలకు రంగుల ఫిల్మ్ తయారుచేసే కంపెనీలో తనిఖీ పని నాది. బొమ్మ ముద్రించిన ప్లాస్టిక్ ఫిల్మ్‌ను వేడిచేసి, పైనుంచి విపరీతమైన ఒత్తిడితో గాలి వదులుతారు. ఫిల్మ్ కింది అచ్చుకు అతుక్కుని ఆ ఆకారం తెచ్చుకుంటుంది.

ఆ మిషన్ సలోమి అక్క నడిపేది. పొద్దున్నే మొదటి ముక్క రాగానే, ఆ వేడి మీదే అరచెయ్యి ఆనించి ప్రార్థన చేసుకునేది. చిన్నప్పుడు విరిగిన చిటికెన వేలు పక్కకు వంకరగా అతుక్కుపోయింది ఆమెకు.

వానాకాలంలో ఒక సాయంత్రం అక్క తన ఊరు రోలుగుంటలో కంపెనీ బస్సు దిగింది. ఇంటికి చేరలేదు. వాగులో కొట్టుకుపోయిందన్నారు. శవం దొరకలేదు. చర్చివాళ్ళు జ్ఞాపకార్థ కూడిక పెడదామంటే వాళ్ళమ్మ ఒప్పుకోలేదు. పెడితే, కూతురు చనిపోయిందని తానే ఒప్పుకున్నట్టు.

చలికాలంలో కొత్త అచ్చు వచ్చింది. అచ్చు కొత్తదైతే, ముందు నల్ల గళ్ళు మాత్రమే ముద్రించిన ఫిల్మ్ వేసి చూస్తాం. అచ్చు ఎత్తుగా ఉన్నచోట గళ్ళు సాగుతాయి. దాన్నిబట్టి బొమ్మ సరిచేస్తారు.

మొదటి ముక్క నా బల్ల మీదికి వచ్చింది. అచ్చు మధ్యభాగం పూర్తిగా చదును. ఆ చోటే గళ్ళు సాగి ఉన్నాయి, ఒక చెయ్యి ఆకారంలో. చిటికెన వేలు పక్కకు వంగి ఉంది.

"సెయ్యి లోపలెట్టి మూసీసినావేటిరా?" అన్నాడు సూపర్‌వైజర్, కొత్త ఆపరేటర్‌తో.

"ఎట్టుంటే ఈపాటికి నాకు సెయ్యుండునా సార్."

అందరూ నవ్వారు. అచ్చు తుడిచి మళ్ళీ వేస్తే రెండో ముక్క మామూలుగానే వచ్చింది. మొదటిదాన్ని తుక్కులో పడేశారు. నేను తీసి దాచుకున్నాను.

ఆ ఫిల్మ్ మిషన్ నుంచి వచ్చిన కాసేపటికే చల్లారిపోతుంది. బస్సులో దారంతా నా పొట్టకు చల్లగా తగులుతూనే ఉంది.

రోలుగుంటలో దిగి వాళ్ళింటికి వెళ్ళాను. సలోమి అక్క వాళ్ళమ్మ వాకిట్లో బియ్యం ఏరుతోంది.

"కూడికెట్టమని సెప్పడానికి నిన్ను పంపినారేటి?"

"కాదు పిన్నీ" అన్నాను. చున్నీ కింది ఫిల్మ్ తీసి చేతికిచ్చాను.

ఆవిడ వంకర వేలి గుర్తును చాలాసేపు తడుముతూ కూర్చుంది. తర్వాత తన అరచెయ్యి దాని మీద ఆనించింది.

ఆ గళ్ళు ఎందుకు సాగాయో నాకు ఇప్పటికీ తెలియదు. అచ్చు మీద ఏదో పడి ఉండొచ్చు. మరి ఆ వేలు వంకరగా ఎందుకు పడింది? కూడిక ఈ రోజుకీ జరగలేదు. తప్పు చేశానో, మేలు చేశానో కూడా తెలియదు. ఆ సాయంత్రం ఆవిడ చెయ్యి తియ్యకుండానే నా వైపు చూసింది.

"యేడిగా ఉందే తల్లీ. సచ్చిపోయినోళ్ళ సెయ్యి ఇంత యేడిగా ఉంటాదేటి?"