మునగపాక అప్పలనాయుడి ఎడం చేతి కత్తి

నిన్న సాయంత్రం నేనేం చేసేనో తెలుసా? చచ్చిపోయినాయన చేతికి కత్తి అందించేను. సరే, అందించబోయేను. నవ్వకండి. టైపింగ్‌లో తప్పులుంటే మీరే సర్దుకోండి.

మొదట్నుంచీ చెప్తాను.

మా దాదా, అంటే మా నాన్న వాళ్ళ నాన్న, అనకాపల్లి బెల్లం మార్కెట్ రోడ్డులో సాన కొట్టు నడిపేవారు. కాలితో తొక్కే సాన, పక్కన నీళ్ళ డబ్బా, అంతే కొట్టు. చుట్టుపక్కల ఊళ్ళ చెరుకు కత్తులన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి. ఆరేళ్ళ కిందట కళ్ళు మసకేసి కొట్టు మూసేసేరు. కొట్టయితే మూసేరు కానీ, జనం సానకిచ్చి మళ్ళీ తీసుకెళ్ళని కత్తులు ఇంటికొచ్చేయి. ఎన్ని? అరవై రెండు! మా వెనక గది గోడ నిండా మేకులు, మేకుకో కత్తి, కత్తికో గుడ్డపీలిక, పీలిక మీద పేరు. సగం పేర్లు వెలిసిపోయేయి. చెరుకు కత్తులు, బొండాల కత్తులు, మటన్ కత్తులు, ఒక కత్తిపీట కూడా! ఫ్యాన్ వేస్తే చాలు, అన్నీ కలిసి గోడ మీద సన్నగా మాట్లాడుకుంటాయి. చిన్నప్పుడు నేనా గదిలోకి వెళ్ళేదాన్ని కాదు. పెద్దయ్యాక కూడా వెళ్ళను, ఆ మాట ఎవరికీ చెప్పలేదంతే.

ఇప్పుడు ఇల్లు మారుతున్నాం. కొత్తది చిన్న పోర్షను. రెండు గదులు, ఒక వంటిల్లు. నిన్న మధ్యాహ్నం భోజనాల దగ్గర అమ్మీ తేల్చి చెప్పేసింది. "రెండు కత్తులు వంటకి ఉంచుతా. మిగతావి రేపు పొద్దున్న పాత ఇనప సామాన్లాయన వచ్చి పట్టుకుపోతాడు."

దాదా అన్నం కంచం పక్కకి జరిపేరు. అరవలేదు. అరిచినా బాగుండేది.

"అవి మనవి కావు. అమానత్. నమ్మి మన దగ్గర పెట్టేరు. పరాయోళ్ళ వస్తువు మనం ఎలా అమ్ముతాం?"

"మామయ్యా, వాళ్ళు మర్చిపోయేరు!"

"వాళ్ళు మర్చిపోయేరు. నేను మర్చిపోలేదు కదా!" అని నా వైపు తిరిగేరు. "బేటీ, నువ్వు చదువుకున్నావు. ఏది ఉండాలో, ఏది పోవాలో నువ్వే తేల్చు. నువ్వేం చెప్తే అదే."

చూసేరా! బీఎస్సీ కెమిస్ట్రీ చదివి, పరవాడ కంపెనీల నుంచి ఫోనొస్తుందేమోనని ఎదురు చూస్తూ, ఫోను మోగితే భయపడే పిల్లని నేను. నా చేతిలో పెట్టేరు ఆ ముసలాయన జీవితం మొత్తాన్ని. తప్పు చెప్పేనంటే ఆయన మళ్ళీ నా మొహం చూడరు. చూసే కళ్ళు లేవు కానీ, ఆయన చూడకపోతే నాకు తెలుస్తుంది.

నేనేం చేసేను? ఎక్సెల్ తెరిచేను. కంగారొస్తే నాకదే మందు. మూడు కాలమ్‌లు. ఉంచాలి, తిరిగి ఇచ్చేయాలి, తెలీదు. దాదా ఒక్కో కత్తినీ బొటనవేలితో తడిమి చెప్తున్నారు. "ఇది రావికమతం మాష్టారిది. పోయేడు." ఇంకోటి. "ఇది ముగ్గురు అన్నదమ్ముల్లో పెద్దాయనది. పోయేడనుకుంటా." ఇంకోటి. "పోయేడు." ఆ చీకటి గదిలో కళ్ళు కనబడని మనిషి, కత్తి అంచు తడిమి మనిషి ఉన్నాడో లేడో చెప్తుంటే నా వీపు మీద చల్లగా ఏదో పాకినట్టయ్యింది. పోయినోళ్ళవీ, ఎవరివో గుర్తు రానివీ 'తెలీదు'లో వేసేను. చివరికి లెక్క తేలింది. ఉంచాలి రెండు. ఇచ్చేయాలి తొమ్మిది. తెలీదు యాభై ఒకటి!

తొమ్మిదిలో మొదటిది మునగపాక అప్పలనాయుడిది. దాని మీద దాదా వేలు చాలాసేపు ఆగింది. "ఇది ఎడం చేతి కత్తి. అంచు రెండో వైపు తీసేను. దీనికొక్కదానికే అలా తీసేను." 

తర్వాత నాకు జాగ్రత్తలు. "కత్తి చేతికి అందించకు. కింద పెట్టు, వాళ్ళు తీసుకుంటారు. మనిషి లేకపోతే ఇంట్లోవాళ్ళకివ్వు. పొద్దు గూకేలోపు పని అయిపోవాలి. పొద్దు గూకాక కత్తితో ఎవరి గుమ్మం ముందూ నిలబడకూడదు."

నేను బయల్దేరింది నాలుగింటికి. స్కూటీ ముందు గోనెసంచి, అందులో తొమ్మిది కత్తులు. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా ఖణేల్ ఖణేల్ అని మోత. సిగ్నల్ దగ్గర ఒకాయన నా సంచి వైపు చూసి, నా వైపు చూసి, బండి వెనక్కి తీసుకున్నాడు. మధ్యలో దారి తప్పేను. మ్యాప్ నన్ను చక్కగా ఒక బావి దగ్గరికి తీసుకెళ్ళి, గమ్యం చేరుకున్నారు అంది. మునగపాక చేరేసరికి ఎండ వాలిపోయింది.

టీ కొట్టు దగ్గర ఆగి అడిగేను. "బాబాయ్, అప్పలనాయుడు గారి ఇల్లెక్కడ?"

టీ కొట్టాయన గ్లాసు కడుగుతూ, "ఏ అప్పలనాయుడమ్మా? నేనూ అప్పలనాయుడినే," అన్నాడు. బెంచీ మీద పెద్దాయన చెయ్యెత్తేడు. "నేనూ."

"ఎడం చేత్తో చెరుకు కొడతారంట..."

ఇద్దరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. "పుర్రచేతి అప్పలనాయుడా? ఆయన పోయేడు కదమ్మా! రెండేళ్ళు దాటిపోనాది. ముసల్ది ఉంటాది. అదిగో, ఆ చెరుకు తోట దాటేక ఒక్కటే ఇల్లు."

సరే. మనిషి లేకపోతే ఇంట్లోవాళ్ళకి. దారంతా ప్రాక్టీస్ చేసుకున్నాను. మామ్మా, చాలా బాధగా ఉంది, ఇదిగో కత్తి. మామ్మా, ఇదిగో కత్తి, చాలా బాధగా ఉంది. ఏది ముందు చెప్పినా బాలేదు.

బండి బాటలో పోలేదు. దిగి నడిచేను. రెండు వైపులా చెరుకు, నాకంటే ఎత్తు. గాలి లేదు. గాలి లేకుండానే ఆకులు గరగరమంటున్నాయి. నేనాగితే అవీ ఆగుతున్నాయి. నా సంచి ఆకులకి రాసుకుంటోందని ఇప్పుడు చెప్పగలను. అప్పుడు తెలీలేదు. తోట దాటేసరికి పొద్దు గూకేసింది, ఊళ్ళో కరెంటు కూడా పోయింది.

అరుగు మీద ఒక ముసలమ్మ. దీపం కూడా లేకుండా, చీకట్లో గోంగూర ఆకు ఒలుస్తోంది.

"ఎవులది?"

"నేను మామ్మా. అనకాపల్లి సాన సాయిబు గారి మనవరాల్ని. మీ ఇంటి కత్తి ఒకటి మా దగ్గరుండిపోయింది. ఇచ్చేద్దామని..." అంటూ సంచిలోంచి కత్తి తీసేను.

ఆకు ఒలిచే చెయ్యి ఆగిపోయింది. తర్వాత మెల్లిగా ఇంట్లోకి తల తిప్పి, గొంతెత్తి పిలిచింది.

"ఏవండోయ్! ఇనబడిందా? మీ కత్తొచ్చింది! బేగి రండి!"

రెండేళ్ళ కిందట పోయిన మనిషిని ఈవిడ పిలుస్తోంది. పాపం, మతి పోయిందేమో, అనుకున్నాను. జాలేసింది కూడా. ఇంతలో ఇంట్లోంచి దగ్గు వినబడింది.

"వత్తన్నానే! ఆగు!"

మగ గొంతు.

అడుగుల చప్పుడు. మిగిలిన కాస్త సందె వెలుగులో గుమ్మం పైన దండేసిన ఫొటో, అందులో ఇంత మీసం. కింద చీకట్లోంచి ముందు ఒక చెయ్యి బయటికొచ్చింది. ఎడం చెయ్యి! కత్తి కోసం చాపిన ఎడం చెయ్యి! దాని వెనక మొహం. అదే మీసం!

నాకు దువా గుర్తు రాలేదండీ. చిన్నప్పుడు అమ్మీ నేర్పించిన ఒక్క దువా కూడా రాలేదు. నా నోటికొచ్చింది పీరియాడిక్ టేబుల్. "హైడ్రోజన్, హీలియం, లిథియం..." అని పైకి చదువుతూ, చేతిలో చెరుకు కత్తి ఊపుకుంటూ వెనక్కి వెనక్కి నడిచేను. 'బోరాన్' దగ్గర కాలికేదో తగిలింది. 'కార్బన్' దగ్గర గేదె కుడితి తొట్టిలో కూర్చున్నాను. నడుం దాకా!

గేదె నా వైపు చూసింది. దాని భోజనంలో నేనున్నాను మరి.

అప్పుడొచ్చింది కరెంటు.

వెలుగులో చూస్తే దెయ్యానికి ముప్పై ఏళ్ళుంటాయి. ఫుట్‌బాల్ టీ షర్టు, కుడి చెయ్యి నిండా పప్పన్నం. తింటూ లేచొచ్చేడు, ఎంగిలి కాని ఎడం చెయ్యి చాపేడు. ముసలమ్మ అరుగు మీద పడి పడి నవ్వుతోంది.

"మనవడమ్మా! నా మనవడు!"

సంగతేంటంటే, మనవడికి తాత పేరే పెట్టేరు. మొగుడి పేరు ఈవిడ నోటితో పలకదు కదా, మరి మనవడిని ఎలా పిలుస్తుంది? 'ఏవండోయ్' అని పిలుస్తుంది! ఉయ్యాల్లో ఉన్నప్పట్నుంచీ అలాగేనంట. వాడు కూడా తాతలాగే 'వత్తన్నానే' అంటాడు. ఊరందరికీ తెలిసిన వేళాకోళం. టీ కొట్టోళ్ళు ఆ ముక్క నాకొక్కదానికే చెప్పలేదు!

"క్షమించండి సిస్టర్," అన్నాడు ఏవండోయ్. చేతులు కడుక్కుని నన్ను తొట్టిలోంచి లాగేడు.

ఇక్కడితో అయిపోయుంటే బాగుండును. నవ్వేసి ఇంటికొచ్చేసేదాన్ని.

కత్తి అరుగు మీద పెట్టేను. అతను తీసుకుని కుడి చేత్తో ఒక చెరుకు గడ మీద వేసేడు. జారిపోయింది. మళ్ళీ వేసేడు, మళ్ళీ జారింది. "ఇదేటిది, తెగదేటి?" అని ఊరికే ఎడం చేతిలోకి మార్చి వేసేడు. ఒక్కటే దెబ్బ. గడ తెగి పడిన చప్పుడు కూడా రాలేదు. ఇంకోటి. ఇంకోటి. అతను ఆగి తన చెయ్యి తనే చూసుకున్నాడు.

"నేనెప్పుడూ ఎడం చేత్తో కొట్టలేదే!" అన్నాడు మెల్లిగా.

అంచు అటు తీసుందని, దాదా చెప్పినదంతా చెప్పేను. ఎవరూ విన్నట్టు లేదు. ముసలమ్మ నవ్వు ఆగిపోయింది. అప్పటిదాకా మోకాళ్ళ నొప్పులని అరుగు దిగనావిడ, ఏదీ పట్టుకోకుండా లేచి నిలబడింది. మొగుడొస్తే లేచి నిలబడతారు చూడండి, అలాగ.

ఫొటో వైపు తిరిగింది.

"సూడు. అమ్ముకున్నావా అన్నావు కదా నన్ను? మూడ్రోజులు అడిగేవు. సాన కాడుందంటే నమ్మినావు కాదు. కొట్టు మూసేసినారు, నేనెవుల్నడుగుతాను? ఆ కోపం పెట్టుకునే పోయేవు. సూసుకో ఇప్పుడు. నేనమ్మలేదు."

నా బట్టలు తడిసి చలేస్తోందనుకుంటా. చున్నీ భుజాల మీదుగా లాక్కున్నాను.

అంతే, మిగతా ఎనిమిది కత్తులు ఎవరికీ ఇవ్వలేకపోయేను. టైమ్ లేదని కాదు. ఈలోపు కబురు తెలిసిపోయింది. 'సాన సాయిబు మనవరాలొచ్చిందంట, ఆరేళ్ళ కత్తి ఇంటికి తెచ్చి ఇచ్చిందంట!' స్కూటీ దగ్గరికెళ్ళేసరికి జనం లైన్లో నిలబడ్డారు. అందరి చేతుల్లోనూ మొద్దుబారిన కత్తులు!

"అమ్మా, ఇది కూడా పట్టించి తే!"

"లేదండీ, కొట్టు మూసేసేం. మా దాదాకి కళ్ళు..."

"మీ తాత పట్టినట్టు ఎవులూ పట్టరమ్మా. తొందరేం లేదు. మీకాడుంటే మా ఇంట్లో ఉన్నట్టే!"

వద్దు అనడం నాకు రాదు. మీకు తెలుసు కదా! బ్యాంకు వాడు ఫోన్ చేసి లోను కావాలా అంటే 'సారీ అండీ, నెక్స్ట్ టైమ్' అనే మనిషిని. పదమూడు తీసుకున్నాను. పేర్లు రాసుకున్నాను. అందులో నలుగురు అప్పలనాయుళ్ళు. అప్పలనాయుడు టీ, అప్పలనాయుడు బెంచీ, అప్పలనాయుడు గేదెలు, అప్పలనాయుడు బట్టతల. ఆఖరాయన నేను రాసింది చదివేడు. పాపం, తువ్వాలు తీసి తలకి చుట్టుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి అమ్మీ గుమ్మంలో ఉంది. నన్ను చూసింది. వాసన చూసింది. సంచి చూసింది.

"తగ్గించమంటే పెంచుకొచ్చేవేమే!"

దాదా మాత్రం ఒక్కో కత్తీ తడిమేరు. బొటనవేలు ఆడుతోంది. "ఇవన్నీ బతికున్నోళ్ళవి," అన్నారు. ఆరేళ్ళలో ఆయన గొంతు అలా వినలేదు నేను. ముసలమ్మ సంగతి చెప్పేను. ఆయన, "అతను నన్ను దొంగ అనుకోలేదు కదా?" అని అడిగేరు.

"లేదు దాదా. భార్యని అనుకున్నాడు."

"అది ఇంకా పాపం," అన్నారు.

ఇవాళ పొద్దున్న ఇనప సామాన్లాయన వచ్చేడు, తక్కెడతో సహా. అమ్మీ నా వైపు చూసింది. దాదా గోడ వైపు తిరిగి కూర్చున్నారు, కానీ ఆయన చెవి నా వైపే ఉంది. నా ఎక్సెల్‌లో 'తెలీదు' కాలమ్ యాభై ఒకటి. యాభై ఒక్క ఇళ్ళల్లో, యాభై ఒక్క ఫొటోల కింద, ఎవరెవరు ఎవర్ని ఏమనుకుని కూర్చున్నారో! తక్కెడలో వేస్తే ఆ మాటలకి జవాబు చెప్పేదెవరు? నేను చెప్పలేను. అసలే రాత్రిళ్ళు నిద్ర పట్టదు నాకు.

"ఒక్కటి కూడా పోదు," అన్నాను. గొంతు కీచుమంది కానీ, అన్నాను.

ఇనపాయన నిట్టూర్చి తక్కెడ సర్దేడు. తర్వాత బండి కిందకి వంగి, తాళ్ళు కోసే చాకు ఒకటి తీసేడు. "ఎలాగూ వచ్చేను కదమ్మా. ఇది కొంచెం సాన పట్టి ఉంచండి."

మొత్తం డెబ్బై ఐదు.

సాయంత్రం అమ్మీ, నేనూ టేపు పట్టుకుని కొత్త పోర్షను కొలిచేం. అమ్మీ లెక్క చాలా స్పష్టం. కత్తులకి ఒక గోడ కావాలి, సానకి ఒక మూల కావాలి. ఇల్లు చిన్నది కాబట్టి ఏదో ఒకటి తగ్గించక తప్పదు. బాగా ఆలోచించి తగ్గించేం.

నా మంచం.