తేటపడేదాకా కడిగిన బియ్యం

నా కూతురి మొదటి కాన్పు పిల్ల మూడో నెలలో పోయింది. పోయే ముందు మూడు రోజులు ఏడ్చింది, కానీ చప్పుడు రాలేదు. నోరు తెరిచేది, ముఖం కందిపోయేది, గొంతులోంచి గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. ఆ తెరిచిన నోరు ఇన్నేళ్లయినా నాకు కనబడుతుంది, ఎక్కువగా పూజలో కళ్లు మూసుకున్నప్పుడే.

రెండో కాన్పుకూ కూతురిని ఇబ్రహీంపట్నంలోని మా ఇంటికే తెచ్చుకున్నాను. అప్పటికి సాగర్ రోడ్డు పొడుగునా చేలల్లో తెల్లరాళ్లు పాతి ప్లాట్లు చేస్తున్నారు. మా జొన్నచేను కూడా అట్లాగే పోయింది. బర్రెలను అమ్మేశాం. దుకాణం నుంచి పాలిష్ పట్టిన సన్నబియ్యం తెచ్చుకునే రోజులు వచ్చాయి. జొన్నగటక తిని పెరిగినదాన్ని నేను. మల్లెమొగ్గల్లాంటి ఆ అన్నం వార్చినప్పుడల్లా, నా బిడ్డకు ఇంత మంచి తిండి ఇచ్చావు స్వామీ అని దండం పెట్టుకునేదాన్ని.

నేను బడికి పోలేదు. ఇంట్లోనే నాన్న పలక మీద అక్షరాలు దిద్దించాడు, అమ్మ వంటా శుచీ నేర్పింది. నైవేద్యం బియ్యంలాగే బాలింత బియ్యమూ నీళ్లు తేటపడేదాకా కడగాలని ఆమె మాట. ఐదుసార్లో ఆరుసార్లో కడిగేదాన్ని. ఉడికాక గంజి వంచేదాన్ని. ఒకప్పుడు ఆ కడుగూ గంజీ బర్రెల కుడితిలో కలిసేవి. ఇప్పుడు మోరీలోకి పోయేవి.

"అమ్మా, జర పప్పన్న ఎయ్యవే. మూడు పూటలు గదే ఎల్లిపాయ కారమైతే ఎట్ల?" అనేది కూతురు.

"పప్పు తింటే పసిదానికి కడుపు నొస్తది. మూడు నెలలు ఓర్చుకో. పోయినసారి నువ్వు నోరు కట్టుకోకనే గట్లయింది."

ఆ మాట నేనే అన్నాను. తను కంచం దగ్గరికి లాక్కుంది.

మూడో నెల వచ్చేసరికి పిల్ల పాలు సరిగ్గా తాగడం మానేసింది. పక్కింటి వదిన వచ్చి ఒళ్లోకి తీసుకుంది.

"గిదేం పిల్లనే, ఇంట్ల ఉన్నట్టే లేదు! మా మనుమడు ఏడిస్తే తుర్కయాంజాల్ దాంక ఇనొస్తది. ఇది మస్తు బుద్ధిమంతురాలు" అని నవ్వింది.

కూతురు నవ్వలేదు. "ఏడుస్తనే ఉన్నది అత్తా. సూడు" అంది.

చూశాను. అదే నోరు.

ఆటోలో దవాఖానకు పోయేసరికి పిల్ల పక్కటెముకలు ఎగసెగసి పడుతున్నాయి. డాక్టరమ్మ గుండె విని, నా వైపు తిరిగింది.

"పెద్దమ్మా, తల్లికి ఏం పెడుతున్నరు?"

గర్వంగానే చెప్పాను. "తెల్లన్నం, ఎల్లిపాయ కారం, నెయ్యి. పప్పు, కూర ఏదీ ముట్టనియ్యలేదమ్మా."

"బియ్యం ఎన్నిసార్లు కడుగుతవ్?"

"నీళ్లు తేటపడేదాంక."

"గంజి?"

"వంచేస్త."

ఆమె వెంటనే నర్సును పిలిచి పిల్లకు సూది వేయించింది. ఆ తర్వాతే మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది.

"బియ్యం మీది తవుడుల బి-వన్ విటమిన్ ఉంటది. థయమిన్ అంటరు. తిన్న అన్నం ఒంట్ల శక్తిగ మారాలంటే అది కావాలె. ఒళ్లు దాన్ని ఎక్కువ రోజులు దాచుకోదు. మిల్లుల కొంత పోయింది, కడుగుల కొంత, గంజిల కొంత. పప్పుతోనన్న వచ్చేది, అదీ లేదు. తల్లి పాలల్లనే లేకపోతే పిల్లకు యాడికెళ్లి వస్తది? గుండె అలిసిపోతది. గొంతు నరం పడిపోతది. ఇప్పుడు ఏసింది గా విటమిన్ సూదే."

సాయంత్రానికి ఊపిరి కుదురుకుంది. మూడో రోజు మధ్యాహ్నం పిల్ల గొంతెత్తి ఏడ్చింది. వార్డులో తల్లులందరూ తిరిగి చూశారు. "ఓయమ్మ, మైకు మింగిందా ఏంది!" అందొకామె. నేను గోడకు తల ఆనించి దేవుడికి దండం పెట్టాను. ఆ సూది రాసిన చేతికి ఈ రోజుకీ పెడుతున్నాను.

అప్పుడే డాక్టరమ్మ వచ్చింది. పిల్లను భుజాన వేసుకుని కూతురు అడిగింది. "మేడం, మా పెద్దది గూడ గిట్లనే ఏడ్చింది. సప్పుడు రాలే."

డాక్టరమ్మ పిల్ల వీపు నిమిరింది. "నేను చూడలేదు గదమ్మా. ఇప్పుడు ఎట్ల చెప్తం?"

"అప్పుడు సుత నోరు కట్టుకున్న మేడం. అమ్మ ఏం పెడితే గదే తిన్న."

నా వైపు తిరగకుండానే అంది. నీ తప్పేమీ లేదు బిడ్డా అని అక్కడే చెప్పాల్సింది. పిల్ల ఏడుస్తూనే ఉంది, ఆ సందడిలో చెప్పలేదు. ఇప్పుడు ఆ పిల్ల బడికి పోతోంది. ఇంకా చెప్పలేదు.