క్లచ్ వైరుకు వేలి మందం వదులు

మా బండి కొన్న షోరూములో ఒక్క పని మాత్రం శ్రద్ధగా చేసేవాళ్ళు. కడగడం. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. వానలు లేక అనంతపురం వీధికుళాయిల దగ్గర ఖాళీ బిందెలు వరసలో ఎండుతుంటే, వీళ్ళు ట్యాంకరు తెప్పించి మరీ బండ్లకు తలంట్లు పోసేవాళ్ళు. కడిగి, తుడిచి, సీటుకు ఏదో నూనె పూసి నిగనిగలాడించేవాళ్ళు. ఆ సీటు మీద కూర్చుని బ్రేకు వేస్తే మనిషి జారి పెట్రోలు ట్యాంకు మీదికి వచ్చేవాడు. ఈ వైభవానికి వాళ్ళు పెట్టుకున్న పేరు ఫ్రీ సర్వీసు.

రెండో సర్వీసుకు పోయినప్పుడు, మెడకు టై బిగించుకున్న సూపర్‌వైజరు అట్టమీద కాగితం పెట్టుకుని వచ్చాడు.

"కంప్లైంట్లు ఏమన్నా ఉండాయా అన్నా?"

అడిగాడే గాని బండి వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. నేను క్లచ్ పిడి పట్టుకుని ఆడించి చూపించాను.

"చూడప్పా, ఇది లొడలొడమంటాది. పట్టుకుంటే కొంచెం దూరం ఊరికే వస్తాది. బాగా బిగించండి."

"అట్లే అన్నా" అని రాసుకున్నాడు. కింద నా చేత సంతకం పెట్టించుకున్నాడు.

నేను అలా అడగడానికి కారణం ఉంది. మాది ధర్మవరంలో పట్టుమగ్గం ఇల్లు. మగ్గం మీద పొడుగునా సాగే పడుగు పోగులు వదులైతే చీర పాడైనట్టేనని ఊహ తెలిసినప్పటి నుంచీ వింటూ పెరిగాను. ఎక్కడ వదులు కనిపించినా మా చెయ్యి దానంతట అదే బిగించడానికి పోతుంది. మంచం నవారైనా సరే, క్లచ్ పిడైనా సరే, మా కంటికి అన్నీ పడుగే.

సాయంత్రానికి బండి ఇచ్చారు. క్లచ్ వైరు వేలితో మీటితే మోగేటంత బిగువుగా ఉంది. మొదటిసారి షోరూమువాళ్ళు నా మాట విన్నారని మురిసిపోయాను. ఒక్కణ్ణే, చదును రోడ్డు, కాబట్టి రాప్తాడు, బత్తలపల్లె దాటి ఇల్లు చేరేదాకా నాకు ఏ తేడా తెలియలేదు.

ఆ వారంలోనే మా మగ్గం మీంచి మొదటిసారి మా సొంత చీర దిగింది. అప్పటిదాకా షావుకారు పట్టు ఇస్తే నేసి ఇవ్వడమే మా బతుకు. చీర ఎవరు కట్టుకుంటారో మాకు తెలియదు, ఎవరు నేశారో కట్టుకునేవాళ్ళకు తెలియదు. అలాంటిది గోరంట్లలో ఒక పెద్ద రైతు కుటుంబం నేరుగా మా నాయనకే పెళ్ళిచీర చెప్పింది. అది వాళ్ళకు నచ్చితే బంధువులందరూ మా గడప తొక్కుతారు. నచ్చకపోతే మేము మళ్ళీ షావుకారు గడప తొక్కాలి.

అంతకుముందు, వాళ్ళింటికి పోయి చీర మాట్లాడుకున్న రోజే కొంప మునగబోయింది. పెళ్ళికూతురి తల్లి జానెడు జరీ అంచు కావాలంది. చీర మాత్రం పల్చగా, ఒంటి మీద ఉన్నట్టే తెలియకూడదంది. నాయన తల అడ్డంగా ఊపాడు.

"కుదరదమ్మా. పల్చని పట్టు అంత అంచు మోయలేదు. నాలుగుసార్లు కడితే అంచు కాడ పీక్కపోతాది. సగం అంచు పెట్టించుకో, నేసిస్తా. కాదంటే ఇంకెవరికైనా చెప్పుకో."

ఆమె మొహం ముడుచుకుని లోపలికి పోయింది. వీధిలోకి రాగానే నేను నాయన మీద విరుచుకుపడ్డాను.

"అడిగింది నేసిస్తే అయిపాయ కదా నాయనా! అడిగినోళ్ళు వాళ్ళు. పీక్కపోతే మనదేముంటాది?"

మూడు రోజుల తర్వాత సగం అంచుకే ఒప్పుకున్నట్టు కబురు వచ్చింది. అప్పుడు కూడా నాయనది మొండితనమనే అనుకున్నాను, అదృష్టం బాగుండి గట్టెక్కామనుకున్నాను.

చీర ఇవ్వాల్సిన రోజు మధ్యాహ్నమే పిల్లను పెళ్ళికూతుర్ని చేస్తున్నారు. పదకొండుకల్లా చీర చేరకపోతే హిందూపురం పోయి అంగట్లో కొనుక్కుంటామని ముందే ఖండితంగా చెప్పారు. నాయన చీర సంచి ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చున్నాడు. మగ్గం మీంచి దించిన చేత్తోనే ఇచ్చి రావాలని ఆయన పట్టుదల.

సగం దారిలో మిట్ట ఎక్కుడు మొదలైంది. యాక్సిలరేటరు ఎంత తిప్పినా ఇంజను గొంతు చించుకుంటోంది గాని బండి ముందుకు పోవడం లేదు. సైకిలు తొక్కుకుంటూ ఒకాయన మమ్మల్ని దాటిపోయి, నమ్మలేక వెనక్కి తిరిగి చూశాడు. మాడు వాసన కొట్టింది. బండి నిలబడిపోయింది. టైము తొమ్మిదిన్నర. చుట్టూ బీడు, కనుచూపు మేరలో మెకానిక్కు కొట్టు లేదు. షోరూమువాళ్ళను, వాళ్ళ టైలను, వాళ్ళ ట్యాంకరును నోటికొచ్చినట్టు తిట్టాను.

నాయనకు సైకిలు కూడా రాదు. సంచి చంకలో పెట్టుకుని బండి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఆ పిడి నొక్కితే ఏమైతాదిరా?"

"ఇంజనూ చక్రమూ విడిపోతాయి."

"వదిలేస్తే?"

"కలుస్తాయి."

వైరు మీద వేలు పెట్టి చూశాడు. "నువ్వు నొక్కకముందే ఇది లాక్కోని ఉండాది కదరా. మగ్గం కింద తొక్కుడు చెక్క తాడు ఇంత బిగిస్తే ఏమైతాది? కాలు పెట్టకముందే పోగులు సగం లేసి నిలబడతాయి, కిందికి దిగవు. ఇదీ అంతే. నీ ఇంజనూ చక్రమూ సగం విడిపోయే ఉండాయి. బిగువు పడుగుకురా, తొక్కుడు తాడుకు కాదు. ఇన్నేండ్లు మగ్గంలో కూచోని నేర్చుకున్నది ఇదేనా?"

టూల్సు డబ్బాలోంచి స్పానర్లు తీశాను. ఇంజను చల్లారేదాకా ఆగే ఓపిక లేక వేళ్ళు కాల్చుకున్నాను. నట్టు వదులు చేసి, వైరును కొంచెం కొంచెంగా సడలించాను. తిప్పిన ప్రతి చుట్టుకూ తప్పు చేస్తున్నట్టే అనిపించింది. పిడి చివర వేలి మందం ఊరికే ఆడి, ఆ తర్వాతే లాగేటట్టు వచ్చాక నట్టు బిగించాను. ముందు నేను లొడలొడ అన్నది సరిగ్గా ఆ వదులునే. మొత్తం పావుగంట పని. షోరూములో బండి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉంది.

బండి ఎక్కుడు ఎక్కింది. పదకొండుకు పది నిమిషాల ముందు వాళ్ళ గుమ్మంలో దిగాం. తల్లి చీర విప్పి కూతురి భుజం మీద వేసింది. అంచు ఎక్కడా లాగకుండా తిన్నగా జారింది. ఆమె అంచును రెండుసార్లు నిమిరి, నాయన వైపు తిరిగింది.

"నువ్వు చెప్పిందే సరిపోయిందప్పా. మా చెల్లెలు కూతురికీ నువ్వే నేయాల."

మర్నాడు షోరూముకు పోయాను. దారి పొడవునా తిట్లు వరస పెట్టుకుంటూనే పోయాను. సూపర్‌వైజరు తాపీగా పాత కాగితం వెతికి తీసి నా ముందు పెట్టాడు. 'క్లచ్ బాగా బిగించాలి.' కింద నా సంతకం.

"మీరు అడిగిందే చేసిచ్చినాం కదన్నా. అడిగినోళ్ళు మీరు. మాదేముంటాది?"

నాకు తెలియక అడిగాను, తెలిసినవాడివి నువ్వు కుదరదని చెప్పొద్దా, అని అరవడానికి నోరు తెరిచాను. అంతలో గుర్తొచ్చింది. గోరంట్ల వీధిలో మా నాయన మీద నేను అరిచిన మాటలే అతను నాకు తిరిగి అప్పజెప్పాడు. నా సంతకం వైపు ఇంకోసారి చూసి, కాగితం అతనికే ఇచ్చేశాను.

"ఉండన్నా, వచ్చినారు కదా, కడిగిస్తాం" అన్నాడు.

వద్దని చెప్పి, దుమ్ముబండితోనే ఇంటిదారి పట్టాను.