మంచినీళ్ళ చెరువు నిండని ఏడు

గుడ్ ఫ్రైడే నాడు, సాయంత్రం నాలుగు గంటలకు, మా ఊరి మంచినీళ్ళ చెరువు తూము షట్టరు నేనే దించాను. వేసవికి కాలువలో నీళ్ళు కట్టెయ్యడానికి ఇంకా రెండు రోజుల గడువుంది. నీళ్ళు వస్తున్నాయి. వస్తున్న నీళ్ళని ఆపాను. అవి చెరువులోకి వెళ్ళకుండా మురుగుకాలువలో పడి సముద్రంలో కలిశాయి.

ఇది జరిగి పదేళ్ళు దాటింది. ఇన్నేళ్ళూ గొంతులో చేపముల్లు పెట్టుకుని అన్నం తిన్నట్టే ఉంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకి చెప్పే ధైర్యం నాకు లేదు.

నేను కాలువ లస్కర్ని. సైకిలు మీద గట్టు వెంట తిరిగి, తూములు ఎత్తడం దించడం నా ఉద్యోగం. మా నాన్న చేసి చచ్చిపోతే నాకిచ్చారు. మాది కాలువకి చిట్టచివరి ఊరు. బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడతాయి. ఏటా కాలువ కట్టే ముందు చెరువు నిండితే వేసవంతా తాగుతాం. లేకపోతే లేదు. అందుకని మా పేటలో నన్ను నీళ్ళాయన అనేవాళ్ళు. పెళ్ళికి పిలిచినా, తగువు తీర్చమన్నా ముందు నా గుమ్మానికే వచ్చేవారు. చర్చిలో సంఘ పెద్దని. ఆ రోజుల్లో నాకున్నది ఆ పేరొక్కటే.

మొన్న మా ఎమ్మెల్యే ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. ఆమె మీద చిన్న పుస్తకం వేస్తున్నారట. ఎక్కడ పుట్టింది, ఎలా చదివింది, ఏం చేసింది, ఇంకా ఏం చెయ్యాలనుకుంటోంది. చిన్నప్పటి నుంచీ చూసినవాణ్ణి కాబట్టి నన్నూ రాసిమ్మన్నాడు. రాసిచ్చాను. సలోమి మా పేట పిల్లే అని రాశాను. తండ్రి లేడని, తల్లి జోజమ్మ ఊడుపులకీ కోతలకీ వెళ్ళి పెంచిందని, పిల్ల కూడా సెలవుల్లో నారు మోసిందని రాశాను. హాస్టల్లో ఉండి చదువుకుని టీచరై, ఆ ఉద్యోగం మానేసి సర్పంచై, తర్వాత ఎమ్మెల్యే అయిందని రాశాను. చివరి ఊళ్ళకి తాగునీళ్ళు, కాలేజీ ఆడపిల్లలకి బస్సు, వానాకాలంలో శవాన్ని మోసుకెళ్ళడానికి శ్మశానానికి రోడ్డు, ఇవీ ఆమె ముందు పెట్టుకున్న పనులు అని కూడా రాశాను. అన్నీ నిజాలే. అన్నీ నిజాలే రాసి కూడా ఇంత అబద్ధం ఆడొచ్చని ఆ కాగితం ఇచ్చేశాక తెలిసింది.

అందులో రాయనిది ఇది. నాకు నలభై ఏళ్ళు వచ్చేదాకా చదువు రాదు.

ఎవరికీ తెలియదు. చర్చిలో బైబిలు తెరిచి పట్టుకుని కీర్తనలు కంఠతా చెప్పేవాణ్ణి. తూము దగ్గర గేజి బోర్డు మీద అంకెలు చదివినట్టు నిలబడి, పక్కనున్న ఇటుక వరసలు చూసి నీటిమట్టం చెప్పేవాణ్ణి. అది పట్టుకున్నది సలోమి ఒక్కతే. అప్పుడు ఇంటర్ చదువుతోంది. ఒక ఆదివారం నా చేతిలో బైబిలు తలకిందులుగా ఉందట. ఎవరితోనూ అనలేదు. మర్నాడు పలకా బలపం సంచిలో పెట్టుకుని కాలువ గట్టున నా షెడ్డుకి వచ్చింది. ఒక ఎండాకాలమంతా వచ్చింది. నా వేళ్ళు పట్టుకుని అక్షరాలు దిద్దించింది. ఈ రాస్తున్న అక్షరాలు ఆమె పెట్టినవే.

మరి అంత చేసిన పిల్ల మీద నాకెందుకు కడుపుమంట? ఇన్నేళ్ళూ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. సర్పంచి అయినప్పుడు బాగానే ఉంది, మన పిల్ల అనుకున్నాను. ఎమ్మెల్యే అయింది. ఊరి మొదట్లో ఆమె ఫ్లెక్సీ కట్టారు. జనం నా గుమ్మం దాటుకుని జోజమ్మ గుమ్మానికి వెళ్ళడం మొదలుపెట్టారు. నా ఇంటి మీదుగానే వెళ్ళాలి. అరుగు మీద కూర్చుని లెక్కపెట్టేవాణ్ణి, ఇవాళ ఎంతమంది వెళ్ళారో. తగువులకి వెళ్ళారు, సరే. పింఛన్లకి వెళ్ళారు, సరే. ఆ ఏడు వేసవికి ముందు నీళ్ళ కోసం కూడా అక్కడికే వెళ్ళారు. మా ఆవిడ ఆ గుంపులో ఉంది. చేతిలో తూము హ్యాండిలు పెట్టుకుని నేను ఇంట్లో ఉంటే, నా భార్య నీళ్ళ కోసం ఇంకొకరి గుమ్మంలో నిలబడింది.

సలోమి ఆఫీసర్లతో పోట్లాడి ఆర్డరు తెచ్చింది. కాలువ కట్టే ముందు చివరి మూడు రోజులు పైన తూములన్నీ మూసి, నీళ్ళు మొత్తం మా చివరికి వదలాలి. నేను ఉద్యోగంలో ఉన్నంత కాలం కోరుకున్నది అదే. ఒక్కసారీ సాధించలేకపోయాను. ఆమె వారంలో సాధించింది. సంతోషించాలి కదా? ఆ రాత్రి అన్నం సహించలేదు.

గుడ్ ఫ్రైడే వచ్చింది. పన్నెండు నుంచి మూడు దాకా చర్చిలో, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ఆరాధన. ఏటా ఒక మాట మీద నేను మాట్లాడతాను. ఆ ఏడు పాస్టరుగారు నా మాట సలోమికి ఇచ్చారు. ఎమ్మెల్యేగారు కదా. "దప్పిగొనుచున్నాను" అనే మాట.

బాగా మాట్లాడింది. దాహం గురించి మొదలుపెట్టి చెరువు దగ్గరికి వచ్చింది, అక్కణ్ణుంచి చదువు దాహం దగ్గరికి వచ్చింది. వచ్చి నా వైపు చూసింది. మన లస్కరు పెదనాన్న నలభయ్యో ఏట అ ఆలు దిద్దాడు, నేనే వేలు పట్టుకుని దిద్దించాను, ఆయనకి వచ్చిందంటే ఎవరికైనా వస్తుంది, మీరూ పిల్లల చదువు ఆపొద్దు అంది. మెచ్చుకోలుగానే అంది. జనమంతా వెనక్కి తిరిగి నన్ను చూశారు. చప్పట్లు కొట్టారు, గుడ్ ఫ్రైడే అని కూడా చూసుకోకుండా. నా చేతిలో బైబిలు ఉంది. సరిగ్గానే ఉందో లేదో అని ఒకసారి చూసుకున్నాను.

ఆ సిగ్గు వల్లే చేశాను అని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. అది సగం అబద్ధం. సిగ్గు ఆ రోజు పుట్టింది. మంట అంతకుముందు నుంచీ ఉంది. సిగ్గు నాకు ఒక సాకు ఇచ్చింది, అంతే.

మూడింటికి ఆరాధన అయ్యాక వసారాలో చెప్పులు వెతుక్కుంటుంటే సలోమి వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఏంటి పెదనాన్నా, మొహం అలా పెట్టావ్? కోపమొచ్చిందా?"

"కోపమెందుకమ్మా. పాస్టరుగారి కంటే నువ్వే బాగా చెప్పావ్."

"అదేంటండీ, నా ఉద్యోగానికే ఎసరు పెడుతున్నారు!" అని పాస్టరుగారు నవ్వారు.

"మా పిల్ల నోరు ఊరుకోదు బావగారూ, ఏమీ అనుకోకండి," అంది జోజమ్మ. ఆమె ఒక్కతే నా మొహం సరిగ్గా చూసిందనుకుంటాను.

అప్పుడే సత్తిబాబు సైకిలు మీద వచ్చాడు. పై ఊరి లస్కరు. కాంట్రాక్టు మీద చేసేవాడు. చెమటలు కక్కుతూ మెట్ల కిందే ఆగాడు.

"పైన తూములన్నీ దించేశానండి. ఆయ్. చేపల చెరువులోళ్ళు మా తాతని కూడా వదల్లేదండి, అందర్నీ తిట్టేశారు. నన్ను కాదండి, ఎమ్మెల్యేగార్ని తిట్టుకోండన్నాను."

"మంచి పని చేశారు సత్తిబాబుగారూ. తిట్లు నాకు పంపండి, నీళ్ళు మా పెదనాన్నకి పంపండి," అంది సలోమి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె నా వైపు తిరిగింది. "ఈస్టర్ నాటికి చెరువు నిండుద్దా, పెదనాన్నా?"

"నిండుద్దమ్మా."

"ఈయన చెయ్యి పడితే నిండకపోవడమేంటి," అంది మా ఆవిడ.

అక్కణ్ణుంచి సైకిలెక్కి తిన్నగా తూము దగ్గరికి వెళ్ళాను. నీళ్ళు ఎర్రగా, నిండుగా చెరువులోకి దూకుతున్నాయి. ఆ చప్పుడు నాకు ఇష్టం. కాసేపు విన్నాను. ఇవి దూకితే ఆమె నీళ్ళు, దూకకపోతే ఎవరివీ కావు అనిపించింది. హ్యాండిలు తిప్పాను. చప్పుడు సన్నబడి ఆగిపోయింది. తెల్లచొక్కాకి గ్రీజు అంటింది. ఇంటికి వెళితే మా ఆవిడ ఆ చొక్కా చూసింది. ఉతికి ఆరేసింది.

ఆ తూము ఊరికి దూరం. కోతలు, మాసూళ్ళ రోజులు, జనమంతా కళ్ళాల్లో ఉన్నారు. శనివారం దారిలో అడిగినవాళ్ళకి నీళ్ళింకా పైనుంచి దిగలేదని చెప్పాను. లస్కరు చెప్పాక ఎవరొచ్చి చూస్తారు? ఈస్టర్ పొద్దున్న చర్చికి వెళ్ళి అందరితో కలిసి పాడాను. సాయంత్రం పైన కాలువ కట్టేశారని తెలిశాక, వెళ్ళి షట్టరు మళ్ళీ ఎత్తి పెట్టాను. చెరువులోకి మోకాలి లోతు కూడా పోలేదు.

సోమవారం ఇంజనీరుగారు వచ్చారు. నా షట్టరు ఎత్తే ఉంది. పైనుంచి నీళ్ళు రాలేదండి అని చెప్పాను. అంతే చెప్పాను, ఎవరి పేరూ ఎత్తలేదు. ఎత్తక్కర్లేదని నాకు తెలుసు. సత్తిబాబు చేపల చెరువులవాళ్ళ దగ్గర డబ్బు మేసి తూములు ఎత్తేశాడని సాయంత్రానికి ఊరంతా అంది. అతన్ని పనిలోంచి తీసేశారు. అతను నా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. నేను అబద్ధం చెప్పానని అతనికి తట్టలేదు. పైన ఇంకెక్కడో గండి పడి ఉంటుందని నాతో కలిసి ఆలోచించాడు. మా ఆవిడ మజ్జిగ ఇచ్చింది, తాగి వెళ్ళాడు. తర్వాత మండపేట రైసుమిల్లులో బస్తాలు మోశాడు. ఇప్పటికీ కనిపిస్తే సైకిలు దిగి దణ్ణం పెడతాడు.

ఆ వేసవి ట్యాంకరు నీళ్ళు తాగాం. అవి రాని రోజు అడుగున మిగిలిన పచ్చనీళ్ళు వడగట్టుకుని కాచుకున్నాం. పిల్లలకి విరేచనాలు పట్టుకున్నాయి. మా ఆవిడ నడుం నొప్పితోనే బిందెలు మోసింది. సలోమి పేటకి వచ్చి చేతులు జోడించి, మాట తప్పాను, క్షమించండి అంది. ఆడవాళ్ళు మొహం మీదే తిట్టారు. తల వంచుకుని నిలబడింది. ఆ ఒక్క నిమిషం నాకు ఎంత హాయిగా ఉందో రాయకపోతే ఈ రాతకి అర్థం లేదు. చాలా హాయిగా ఉంది. చల్లటి నీళ్ళు తాగినట్టు ఉంది.

ఆమె ఆగలేదు. కాలువతో పని లేకుండా పైనుంచి పైపులైను వేయించింది. దానికి మూడేళ్ళు తిరిగింది. కుళాయిలు వచ్చాయి. ప్రారంభం రోజు మంత్రిగారు వచ్చినా సరే, మొదటి కుళాయి మా పెదనాన్నే తిప్పాలని పట్టుబట్టింది. తిప్పాను. నీళ్ళు వచ్చాయి. జనం నాకు చప్పట్లు కొట్టారు. నీళ్ళాయన అని ఎవరో అరిచారు కూడా. నాకు కావలసింది అదే కదా. చేతి మీద పడుతున్న నీళ్ళు చూస్తూ, ఇంటికెప్పుడు వెళతానా అనుకున్నాను.

ఇప్పటికీ ఆమె మీద అసూయ పోయిందా అంటే, లేదు. మళ్ళీ గెలిచిందని తెలిసినప్పుడు కూడా లోపల కలుక్కుమంది. నన్ను క్షమించమని ఎవర్నీ అడగడం లేదు. చేసినవాణ్ణి నేనని ఒక్కచోట ఉండాలి, అంతే. రాశాక ఊపిరి కాస్త లోతుగా ఆడుతోంది. సత్తిబాబు ఉద్యోగం మాత్రం తిరిగి రాలేదు.

చెరువు నిండుద్దని నేను మాటిచ్చిన చర్చి వసారాలో ఆ రోజు ఎవరెవరున్నారో రాసి ఆపేస్తాను. పాస్టరు ఏసుదాసు గారు. జోజమ్మ. ఇప్పుడు లేదు. ఆమె కూతురు సలోమి. నా భార్య మరియమ్మ, ఆమె కూడా ఇప్పుడు లేదు. చెప్పులు తొడుక్కుంటూ మా మాటలు విన్న కుట్టుమిషను సుందరం, అతని చెల్లెలు రూతు. మెట్ల కింద, తన పని తాను సక్రమంగా చేసి వచ్చిన సత్తిబాబు. నేను.