చెంచురామయ్య తువ్వాలు పరిచాడు

‘కుదరదు’ అన్న మాట చెవిన పడగానే చెంచురామయ్యకి కాళ్లు పనిచెయ్యడం మానేస్తాయి. భుజం మీది తువ్వాలు తీసి, దులిపి, ఉన్నచోటే పరుచుకుని కూర్చుంటాడు. పని అయ్యేదాకా లేవడు. అద్దంకి దగ్గర వాళ్ల ఊళ్లో ఈ సంగతి పసిపిల్లలకి కూడా తెలుసు.

ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి, కొత్తది ఇప్పట్లో కుదరదన్నప్పుడు కరెంటాఫీసులో మూడు రోజులు కూర్చున్నాడు. మూడో రోజు ఇంజనీరు భార్య ఆయనకి కూడా క్యారేజీ కట్టి పంపింది. నాలుగో రోజు ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. అడ్డరోడ్డు దగ్గర ఆపడం కుదరదని కండక్టరు అంటే బస్సులోనే తువ్వాలు పరిచాడు. ఒంగోలు డిపోదాకా వెళ్లి, అదే బస్సులో తిరిగొచ్చి, అడ్డరోడ్డు దగ్గరే దిగాడు. “మా పెళ్లిలో కూడా ఏదో పేచీ పెట్టి లేవనన్నాడు. అప్పటికే పీటల మీద కూర్చుని ఉన్నాడు గనక ఎవరికీ తేడా తెలియలేదు” అంటుంది ఆయన భార్య వెంకటరావమ్మ.

అలాంటి మనిషి ఒక మంగళవారం పొద్దున్నే కారప్పొడి డబ్బాతో హైదరాబాదులో అన్న కూతురు బిందుమాధవి ఫ్లాటు ముందు ప్రత్యక్షమయ్యాడు.

“అమ్మాయ్, ‘బంగారు చేను’ కంపెనీ ఎక్కడ?”

బిందుమాధవి డబ్బా అందుకోబోయి ఆగింది. ‘బంగారు చేను’ అంటే ఫోన్లో ఆడే వ్యవసాయం ఆట. బాబాయికి ఊళ్లో మూడెకరాల మిరప ఉన్నా, ఆ ఆటలో నలభై ఎకరాలున్నాయి. నాలుగేళ్లుగా అదే లోకం.

“వాళ్లతో నీకేం పని బాబాయ్?”

“ఈమెయిలు పెట్టించాను. కుదరదని జవాబిచ్చారు.”

ఇంకేమీ అడగకుండా బిందుమాధవి బ్యాంకుకి సెలవు పెట్టేసింది.

అద్దాల మేడ గేటు దగ్గర సెక్యూరిటీ బాషా అడ్డం నిలబడ్డాడు. “అపాయింట్‌మెంట్ ఉందా పెద్దాయనా?”

“రెండొందల పన్నెండో లెవెల్లో ఉన్నాను.”

బాషా చటుక్కున పక్కకి జరిగాడు. “నేను ఎనభై దాటలేక చస్తన్నానండీ. ఆ వాగు మీద వంతెన ఎట్టా కట్టారండీ?”

“ముందు గేదెల్ని అమ్మెయ్” అని గుట్టు విప్పి, చెంచురామయ్య లోపలికి నడిచాడు.

లోపల గోడంతా ఆటలోని చేను బొమ్మ. పచ్చటి సాళ్లు, ఎర్రటి కాయలు, మధ్యలో పెద్ద ఎద్దు. గుళ్లో అడుగుపెట్టినట్టు చెప్పులు విప్పాడు చెంచురామయ్య. బొమ్మ దగ్గరికెళ్లి ఎద్దు గంగడోలు నిమిరాడు. కాసేపు చూసి మొహం చిట్లించాడు.

“మూపురం వెనక్కి పోయింది. ఒంగోలు గిత్తకి అక్కడుండదు. ఇది ఒంటెకి పుట్టిందా?”

రిసెప్షన్ అమ్మాయి కంగారుగా లేచింది. “సర్, ముందుగా చెప్పకుండా ఎవర్నీ కలవడం కుదర...”

బిందుమాధవి అడ్డుపడబోయింది గానీ ఆలస్యమైపోయింది. తువ్వాలు నేల మీదుంది. తువ్వాలు మీద బాబాయి ఉన్నాడు.

“అయ్యో, సోఫాలో కూర్చోండి సర్!”

“సోఫాలో కూర్చుంటే చుట్టాన్నవుతాను. నేను పని మీద వచ్చాను.”

గంట గడిచింది. టీ ఇచ్చారు, తాగాడు. ఆట బొమ్మలున్న కప్పు, టోపీ ఇచ్చారు. టోపీ పెట్టుకున్నాడు, లేవలేదు. అటూ ఇటూ పోయే కుర్రకారు ఆయన చుట్టూ మూగారు. నిజంగా మిరప పండించేవాడు తమ ఆట ఆడతాడని వాళ్లు ఎన్నడూ అనుకోలేదు.

“ఇంట్లో చేను పెట్టుకుని ఆటలో కూడా చేనెందుకండీ?” అని ఒకతను అడిగాడు.

“మీ చేలో మిరపకి నల్లి పురుగు పట్టదు. కల్లంలో ఆరబోసిన కాయల మీద వాన పడదు. ఇంత మంచి ఊరు కట్టారు, మీ చేతులు చల్లగుండ! అందుకే మీతో పోట్లాడ్డానికి ఇంత దూరం వచ్చాను.”

చివరికి ఆట బాధ్యతలు చూసే అలేఖ్య వచ్చింది. ముప్ఫై ఏళ్లుంటాయి. పరిస్థితి చూసి, ఆయన ఎదురుగా తనూ నేల మీద కూర్చుంది.

“చెప్పండి సర్.”

“నలభై ఐదు రోజులు ఆట తెరవకపోతే చేను రద్దు చేస్తున్నారు. ఆ రూలు ఎవరు పెట్టారమ్మా?”

“నేనే.”

“మంచిది. తీసేవాళ్లని వెతుక్కునే పని తప్పింది.”

అలేఖ్యకి నవ్వొచ్చింది. “రద్దయినవి తిరిగివ్వం సర్. కావాలంటే మీకు కొత్త చేను, అన్ని పనిముట్లతో ఇస్తాను.”

“కొత్తది నాకెందుకు? పోయింది నాది కాదు.”

బిందుమాధవి ఉలిక్కిపడింది. పొద్దుట్నుంచీ పోయింది బాబాయి నలభై ఎకరాలే అనుకుంటోంది.

“మరి ఎవరిది?” అంది అలేఖ్య.

చెంచురామయ్య జేబులోంచి పగిలిన అద్దం ఉన్న ఫోన్ తీశాడు. “గురవమ్మది. నలభై ఏళ్లు మా ఊళ్లో అందరి చేలల్లో కాయలు కోసింది. తనకంటూ సెంటు నేల లేదు. తుంటి విరిగి మంచాన పడితే నా పాత ఫోన్ ఇచ్చాను. రెండేళ్లలో పన్నెండెకరాలు చేసింది. గట్టు మీద ‘గురవమ్మ చేను’ అని బోర్డు పెట్టించుకుంది. మళ్లీ ఆపరేషనని గుంటూరు ఆసుపత్రిలో రెండు నెలలుంది, ఫోన్ ఇంట్లో ఉండిపోయింది. వచ్చి తెరిస్తే మీవాళ్లు ఏం రాశారు? ‘ఈ రైతు చేను వదిలి వెళ్లిపోయాడు’ అని. వదిలి వెళ్లలేదమ్మా. నడవలేకపోయింది.”

“ఆవిడ ఏమన్నారు?” అని అలేఖ్య మెల్లగా అడిగింది.

“ఏడిస్తే ఓదార్చేవాణ్ణి. తిడితే పడేవాణ్ణి. ‘నాకు భూమి అచ్చిరాదులే బాబూ’ అని అటు తిరిగి పడుకుంది.” చెంచురామయ్య గొంతు పెంచాడు. “ఎందుకు అచ్చిరాదు? పేరు రాసుకున్న చేను ఆవిడది. మొక్కతో సహా అదే కావాలి. అప్పటిదాకా మీ ఆఫీసు ఊడవడం కూడా నా చుట్టూనే!”

అలేఖ్య లేచి లోపలికి వెళ్లింది. కంప్యూటర్లలో దాచిన ఆట పాత కాపీల్లో వెతకమని మనుషుల్ని పురమాయించింది. రెండు గంటలు పట్టింది. ఆలోగా చెంచురామయ్య మూపురం ఎక్కడుండాలో బొమ్మలు గీసే అమ్మాయికి కాగితం మీద గీసి చూపించాడు. ఆయన గీసింది మేకలా వచ్చింది గానీ, ఆ అమ్మాయి బుద్ధిగా తలూపింది.

సాయంత్రానికి పగిలిన ఫోన్లో పన్నెండెకరాలూ లేచి నిలబడ్డాయి. గట్టు మీద బోర్డు కూడా ఉంది.

“రూలు కూడా తీసేస్తున్నాం. కానీ మనిషి రాకపోతే చేను ఏమవ్వాలి సర్?” అంది అలేఖ్య.

“పక్క చేనువాడు వచ్చి నీళ్లు పెడతాడు. అదేమన్నా పెద్ద చదువా?”

ఆ మాటని అలేఖ్య నిజంగానే ఆటలో పెట్టేసింది. ఇప్పుడు యజమాని రాలేకపోయినా, సాయానికి పిలిచినా పొరుగువాడు వచ్చి ఆ చేలో పని చెయ్యొచ్చు.

నెల తర్వాత బిందుమాధవి ఊరెళ్లింది. బాబాయి ఇంట్లో లేడు. గురవమ్మ వసారాలో నేల మీద చతికిలబడి ఫోన్లో తలదూర్చి ఉన్నాడు. పైన మంచం మీద దిండ్లకి ఆనుకుని గురవమ్మ తన ఫోన్లో పర్యవేక్షిస్తోంది.

“ఆ సాలు వదిలేశావేందయ్యా? ఎర్రగా పండిన కాయలు కనపడట్లా?”

“కోస్తన్నానమ్మా, చెయ్యి నొప్పెడతంది.”

“నలభై ఏళ్లు కోశాను, నేనెప్పుడన్నా అన్నానా ఆ మాట? ఈ ఎకరం అయిందాకా నీ చేలోకి పోయేది లేదు.”

“సరే” అన్నాడు చెంచురామయ్య. కళ్లజోడు సర్దుకుని పక్క సాల్లోకి దిగాడు.