ఆఖరి పేజీలో అంటించిన చీటీ

బడిపిల్లలకు డబ్బు సంగతులూ, ఉద్యోగాల సంగతులూ, సొంతంగా వ్యాపారం పెట్టుకునే సంగతులూ నేర్పే సంస్థ ఒకటి ఆ ఊళ్లో ఉంది. లాభం కోసం పెట్టింది కాదు కాబట్టి పాఠాలు చెప్పేవాళ్లకు జీతం ఉండదు. వారానికో మధ్యాహ్నం పోగొట్టుకోవడానికి సిద్ధపడే మనుషులు కావాలి. అలాంటివాళ్లను వెతుక్కుంటూ తిరిగే సంస్థ అమ్మాయి ఒకరోజు తమ నివేదికలు బైండు చేయించుకోవడానికి ఒక చిన్న బైండింగ్ కొట్టుకు వచ్చింది. వచ్చిన పని అరగంటలో అయిపోయింది. ఆ తర్వాత గంటసేపు కదలకుండా కూర్చుని, తొమ్మిదో తరగతి పిల్లలకు ఎనిమిది వారాలు పాఠం చెప్పమని కొట్టావిడ ప్రాణం తీసింది.

"నేను పదో తరగతే గట్టెక్కలేదమ్మా. నాకేం వచ్చని చెప్పమంటావు?" అంది ఆవిడ.

"తొమ్మిదేళ్లుగా కొట్టు నడుపుతున్నారుగా. అదే చెప్పండి."

ఒప్పుకుంది గానీ మొదటిరోజు నలభై మంది పిల్లలు లేచి నిలబడేసరికి తను వెనక్కి తిరిగి చూసింది, ఎవరైనా పెద్దవాళ్లు వస్తున్నారేమోనని. రెండో వారానికి పిల్లలు ఆమెకు బైండింగ్ ఆంటీ అని పేరు పెట్టేశారు. మూడో వారానికి ఆ పేరు ఇంటిదాకా పాకింది. కట్టుకున్న మొగుడు కూడా "బైండింగ్ ఆంటీగారూ, టీ పెట్టమంటారా?" అని ఆటపట్టించడం మొదలుపెట్టాడు.

సంస్థ పద్ధతి ఏమిటంటే, పిల్లలంతా కలిసి ఒక కంపెనీ పెట్టాలి. ఇళ్లల్లోవాళ్లకు ఒక టీ ఖరీదుకు ఒక వాటా చొప్పున అమ్మి పెట్టుబడి తేవాలి. ఏదో ఒక సరుకు తయారుచేసి, ఎనిమిదో వారం శనివారంనాడు బడి ఆవరణలో అమ్మాలి. పాఠం చెప్పేది బైండింగ్ ఆంటీ కాబట్టి ఈ క్లాసువాళ్లు నోటుపుస్తకాలు కుడదామన్నారు. రెండు జడల పిల్ల ఒకతి ఎం.డి.గా ఎన్నికైంది. ఆనాటి నుంచి టీచర్లు సహా ఎవరూ ఆ పిల్లను పేరుతో పిలిచిన పాపాన పోలేదు. చెవిమీద పెన్సిలు పెట్టుకునే ఇంకొకడు లెక్కలబ్బాయి అయ్యాడు.

మూడో వారం ధర కట్టే పాఠం. కాగితం, దారం, జిగురు, అట్ట అని ఆమె బోర్డు మీద రాసి కింద గీత గీసింది. లెక్కలబ్బాయి చెయ్యెత్తాడు.

"మన కష్టం రాయలేదు ఆంటీ."

ఆమె గీత చెరిపి, కష్టం అని కూడా రాసింది. తొమ్మిదేళ్లుగా కొట్లో కట్టిన ధరలన్నీ ఇంతే. నడుం విరిగేలా వంగి కుట్టిన గంటలు ఏ లెక్కలోనూ లేవు. మర్నాడు పొద్దున్నే కొత్త ధరలు రాసి గోడకు తగిలించింది. ఒకాయన కాసేపు గొణిగాడు, మిగతావాళ్లు నోరెత్తకుండా ఇచ్చిపోయారు. తొమ్మిదో తరగతి పిల్లాడి పుణ్యమా అని ఆ నెల కొట్టు అద్దె కట్టడానికి మొగుడి జీతం మీద చెయ్యి వెయ్యాల్సిన అవసరం రాలేదు. చెప్పడానికి వెళ్లానా చెప్పించుకోవడానికి వెళ్లానా అని ఆమె తనలో తనే నవ్వుకుంది. ఆ పిల్లలంటే ఆమెకు ప్రాణం అయిపోయింది.

ఇలా అంతా సవ్యంగా సాగుతుండగా అయిదో వారం నోరు జారింది.

ఆ రోజు కుట్టు నేర్పింది. మడిచిన కాగితాల కట్టలను ఒకదాని మీద ఒకటి పేర్చి, వరస చివర ప్రతి కట్టనూ కింది కట్టతో ముడివెయ్యాలి. మామూలుగా అందరూ ఒక చుట్టు వేసి లాగేస్తారు. ఆమె రెండు చుట్లు వేసి, బొటనవేలి గోరుతో దారాన్ని కిందికి నొక్కి పట్టి, అప్పుడు లాగుతుంది. అలా చేస్తే పుస్తకాన్ని ఎక్కడ తెరిచినా బల్లకు ఆనుకుని పడుకుంటుంది. ఒక్క కాగితం ఊడదు. పిల్లలు తెరిచీ మూసీ మురిసిపోయారు.

"ఈ ముడి మీకెవరు నేర్పారు ఆంటీ?" అని అడిగింది ఎం.డి.

"ఎవరు నేర్పుతారు? నేనే కనిపెట్టా," అంది ఆమె.

నేర్పింది అక్క. అంటే తోడబుట్టింది కాదు, తోడికోడలు. భర్త అన్నగారి భార్య. పెళ్లయి వచ్చిన కొత్తలో ఏ పనీ తెలియని ఈమెను పక్కన కూర్చోబెట్టుకుని, దారానికి మైనం పట్టించడం దగ్గర్నుంచి అన్నీ నేర్పింది. ఇద్దరూ ఒకే బల్ల మీద పన్నెండేళ్లు పనిచేశారు. తర్వాత ఈమెకు సొంతంగా కొట్టు పెట్టుకోవాలనిపించింది. పెట్టుకుంటే తప్పేం లేదు. కానీ పోతూ పోతూ అక్కకు ఏటా వచ్చే కాలేజీ పనిని కూడా, ఒక్క మాట చెప్పకుండా, కాలేజీ గుమాస్తాతో మాట్లాడుకుని తీసుకుపోయింది. అక్కకు ఆ సంగతి గుమాస్తా నోటివెంట తెలిసింది. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. చుట్టాల ఇళ్లల్లో ఎదురుపడితే ఒకరు గోడకేసి, ఒకరు గుమ్మంకేసి చూస్తారు.

అబద్ధమాడిన సంగతి రెండు వారాల్లో ఆమె మర్చిపోయింది కూడా. పిల్లలు మర్చిపోలేదు. ఎనిమిదో వారం, అమ్మకానికి రెండు రోజుల ముందు వెళ్లేసరికి అరవై నోటుపుస్తకాలు బోర్డు కింద పేర్చి ఉన్నాయి. ఎం.డి. ఒకటి తీసి ఆఖరి పేజీ తెరిచి చేతికిచ్చింది. గుండ్రటి అక్షరాలతో ఇలా రాసి ఉంది: "ఈ ముడి కనిపెట్టింది మా బైండింగ్ ఆంటీ. ఆమెకు మా కృతజ్ఞతలు."

"అరవైలోనూ రాశాం ఆంటీ. సరుకు వెనకున్న మనిషి ఎవరో కొనేవాళ్లకు చెప్పాలని సంస్థవాళ్ల పుస్తకంలో ఉందిగా," అంది.

ఆమెకు తల తీసేసినట్టయింది. శనివారం అందరి ఇళ్లవాళ్లూ వస్తారు. అక్క మనవరాలు అదే బళ్లో ఆరో తరగతి. అక్క తప్పకుండా వస్తుంది, పుస్తకం కనిపిస్తే తిరగెయ్యకుండా వదలదు. కాలేజీ పని తీసుకుపోయినదే ముడి కూడా తీసుకుపోయిందని అరవై చోట్ల చదువుకుంటుంది. పోనీ నోరు మూసుకుని ఊరుకుందామా అంటే, పిల్లలు తమకు తోచి, తమంతట తామే రాసిన కృతజ్ఞత అది. ఆమె జీవితంలో ఎవరూ అలా రాసివ్వలేదు. దాన్ని దొంగసొమ్ములా దాచుకోవడం ఆమె వల్ల కాలేదు.

"కూర్చోండి," అంది. "నేను మీతో అబద్ధం చెప్పా. ఈ ముడి నేను కనిపెట్టలేదు. మా అక్క నేర్పింది."

వెనక బెంచీలో కూర్చున్న సంస్థ అమ్మాయి ఫైలు మూసింది.

"మరి ఎందుకలా చెప్పారు?" అన్నాడు లెక్కలబ్బాయి.

"ఆమెకూ నాకూ మాటల్లేవురా. తప్పు నాదే. ఆమె పేరు చెబితే ఆ తప్పు కూడా ఒప్పుకోవాల్సొస్తుందని చెప్పలేదు."

పిల్లలు ఛీ కొడతారనుకుంది. వాళ్లు తలలు దగ్గర పెట్టుకుని గుసగుసలాడుకున్నారు. తర్వాత ఎం.డి. లేచి నిలబడింది.

"ఆఖరి పేజీ చింపితే కుట్టు వదులవుతుంది. అందుకని పైన చీటీ అంటిస్తాం. మీ అక్కగారిని మీరేమని పిలుస్తారు?"

"అక్కా అనే."

"సరే. కాగితం ఖర్చు మాత్రం మీదే ఆంటీ," అన్నాడు లెక్కలబ్బాయి, ఏమాత్రం మొహమాటం లేకుండా. "పాడైన సరుకు ఖర్చు పాడుచేసినవాళ్లదేనని మీరే చెప్పారు."

ఆమె కళ్లనీళ్లు తుడుచుకుంటూనే నవ్వి, పర్సు తీసింది. తర్వాత పిల్లలతో పాటు కూర్చుని అరవై చీటీలు కోసింది, అరవై అంటించింది. ఇంతకాలం గుండెల మీద ఉన్న బరువు వాళ్లు ఇంత తేలిగ్గా, ఇంత చవగ్గా దించేసినందుకు ఆ పిల్లలకు ఎలా రుణం తీర్చుకోవాలో ఆమెకు తెలియలేదు.

శనివారం అక్క రానే వచ్చింది. మనవరాలి చెయ్యి పట్టుకుని, కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, బల్లల వరస వెంట నడిచి నోటుపుస్తకాల ముందు ఆగింది. బల్ల వెనక ఈమె ఉంది. పారిపోదామన్నా దారి లేదు, వెనక గోడ.

అక్క ఆమె మొహం చూడలేదు. ఒక పుస్తకం తీసి మధ్యకు తెరిచి బల్లమీద పెట్టింది. అది చక్కగా పడుకుంది. వేలితో ముడి తడిమింది. ఆ వేలు ఒక్క క్షణం అక్కడే ఆగింది. ఆఖరి పేజీ తిప్పింది. చీటీ మీద ఉన్నది పెదవులు కదుపుతూ చదువుకుంది: "ఈ ముడిని మా బైండింగ్ ఆంటీకి నేర్పింది వాళ్ల అక్క. ఇద్దరికీ మా కృతజ్ఞతలు."

అక్క చదివిందే మళ్లీ చదివింది.

"అక్కా," అంది చివరికి. తొమ్మిదేళ్ల తర్వాత ఆ మాట నోట్లోంచి రావడానికి కాస్త తడబడింది. "కాలేజీ పని నీకు చెప్పకుండా తీసుకుపోవడం తప్పు. నేను తినే తిండి నువ్వు నేర్పిన పని పెట్టిందే. అది నీకు ఎన్నడూ చెప్పలేదు."

అక్క కళ్లద్దాలు తీసి చీరకొంగుతో తుడుచుకుంది. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

"ఈ ముడి నాది కాదే," అంది.

"అదేంటి?"

"అత్తగారిది."

ఈమె నమ్మలేనట్టు చూసింది. అత్తగారంటే ఇద్దరికీ అత్తగారే. పోయి చాలా కాలమైంది. ఈమె కాపురానికి వచ్చేసరికే ఆవిడకు చూపు పోయింది. రోజంతా గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని కోడళ్లిద్దరినీ సాధించే ముసలావిడగానే ఈమెకు తెలుసు. ఆవిడ చేతికి సూది ఒకప్పుడు తెలుసునని ఎవరూ చెప్పలేదు.

"చూపున్న రోజుల్లో ఆవిడే కుట్టేది," అంది అక్క. "నన్ను కూర్చోబెట్టి నేర్పింది. నువ్వొచ్చి అడిగితే ప్రెస్సులో నేర్చుకున్నానని చెప్పా. ఆవిడ అక్కడే కూర్చుని వింది. ఏమీ అనలేదు."

మనవరాలు ఒకరి మొహం, ఇంకొకరి మొహం మార్చి మార్చి చూసింది.

"నువ్వు నయమే," అంది అక్క. పన్నెండేళ్లు ఒకే బల్ల దగ్గర విన్న గొంతు అది. "నేను బతికుండగానే చెప్పావు."